యంత్రాలకు పరకాయప్రవేశం నేర్పినవాడు

కంప్యూటరు శాస్త్రానికి ఆద్యుడైన అలన్ ట్యూరింగ్ కుటుంబానికి మన బెజవాడతో కొంత సంబంధం కలదన్న సంగతి చాలమందికి తెలియదు. తండ్రి జూలియస్ ట్యూరింగ్ మద్రాసు రాజధానిలో ఐ.సి.యస్. ఉద్యోగి. 1908 తరువాత ఉద్యోగరీత్యా అతడు సతీసమేతంగా తిరిగిన ఊళ్లలో పార్వతీపురం, అనంతపురం, బెజవాడ, చికాకోలు, కర్నూలు ఉన్నవి. మామగారు ఎడ్వర్డ్ స్టోనీ మద్రాసు రైల్వేలో ప్రధాన ఇంజనీరు; తుంగభద్రపై వంతెన నిర్మించినవాడు. 1911లో జూలియస్ దంపతులు ఛత్రపురం చేరినారు. మరుసటి యేడు జూన్ 23వ తేదీన లండనులో అలన్ జన్మించినాడు.

ఈ దేశపు ఎండలు బిడ్డలకు పడవని తలచి, తలిదండ్రులు అతనిని, అన్నను ఇంగ్లండులో ఒక విశ్రాంత సైనికోద్యోగి ఇంట విడిచి కొలువుకు మరలివచ్చినారు. అలన్ బాల్యం పరుల పంచన గడిచింది. 1930లో ప్రాణమిత్రుడు క్రిస్టఫర్ మార్కమ్ మరణించినప్పుడు, దేహం నశించిన పిదప మనస్సు ఏమగునన్న ప్రశ్న అతనిని పట్టి పీడించింది.

1936లో, కేంబ్రిడ్జిలో ఉండగా, అతడు వ్రాసిన గణితవ్యాసం లోకప్రసిద్ధం. గళ్లుగా విభజించిన పొడవాటి పట్టీమీద ఒక్కొక్క గుర్తును చదువుతూ, చెరుపుతూ, వ్రాస్తూ సాగే యంత్రాన్ని అతడు ఊహించినాడు. వేరొక యంత్రపు వర్ణనను ఆ పట్టీమీద వ్రాసి ఇచ్చినచో, ఈ యంత్రమే ఆ యంత్రపు పనిని చేయగలదని నిరూపించినాడు. విక్రమార్కుని కథలలోని పరకాయప్రవేశం వంటిదే ఇది. యంత్రత్వం ఇనుములో లేదు, వ్రాతలో ఉన్నదని తేలింది.

యుద్ధకాలంలో బ్లెచ్లీ పార్కులో జర్మనుల ఎనిగ్మా సంకేతాలను ఛేదించుటలో అతడు ప్రముఖపాత్ర వహించినాడు. 1945 చివర ఏ.సి.యి. అనే కంప్యూటరుకు నమూనా రచించి, 1948లో మాంచెస్టరు చేరినాడు.

అతని భావనకు తదుపరి ఫలం అతని మరణానంతరం పండింది. 1960 దశకంలో ఐ.బి.యం. ఇంజనీర్లు ఒకే పెద్ద కంప్యూటరులో పలు కంప్యూటర్లను కల్పించినారు, 1972లో వి.యం. 370 అనే పేర దానిని లోకానికి ప్రకటించినారు. నేటి సర్వర్లలో హైపర్‌వైజరు అనే ప్రోగ్రాము ఈ పని నిర్వహిస్తుంది. వేసవిలో కాలువనీటిని వంతులవారీగా పారించినట్లు, ప్రాసెసరు కాలాన్ని తునకలుగా పంచుతుంది. జ్ఞాపకశక్తిని పొలంగట్లవలె విభజిస్తుంది. ప్రతి కల్పిత యంత్రమూ సర్వం తనదే అనుకొంటుంది. ఒకదానిలో ప్రోగ్రాము చెడినా పొరుగుదానికి సామాన్యంగా చేటు లేదు. అసలు యంత్రమే చెడినచో అన్నీ ఆగుతవి. కనుకనే వాటిని వేరొక సర్వరుపై లేవదీయు ఏర్పాటు చేసుకొందురు. ఒక్కొక్క పనికి ఒక్కొక్క యంత్రం కొనవలసిన ఖర్చు, కరెంటు దీనివలన తగ్గినవి.

ట్యూరింగ్ ఇవి చూడలేదు. పురుషునితో సంబంధం నేరమని 1952లో న్యాయస్థానం అతనిని శిక్షించింది. చెరసాలకు మారుగా హార్మోను చికిత్సకు లోబడినాడు. ప్రభుత్వ రహస్యకార్యాలకు దూరమైనాడు. 1954 జూన్ 7వ తేదీన, నలుబది యొకటవయేట, సైనైడు విషంతో మరణించినాడు. ఆత్మహత్య అని విచారణలో నిర్ణయించినారు. యుద్ధకాలపు సేవ రహస్యమగుటచే దేశం అతని ఋణం ఎరుగదు. రాణి క్షమాభిక్ష 2013లో వచ్చింది.

తండ్రి కొలువు చేసిన సర్కారు 1860 నాటి శిక్షాస్మృతిలో అట్టి నిబంధననే మనకూ విధించింది. వయోజనుల పరస్పర సమ్మతి నేరం కాదని మన సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6వ తేదీన తీర్పు చెప్పినది. ఏ యంత్రమైనను వేరొక రూపం ధరించగలదని చూపిన మేధావిని, అతని సొంత రూపంలో బ్రతుకనీయలేదు నాటి లోకం. బెజవాడ కార్యాలయాలలో నేడు నడిచే సర్వర్ల వెనుక ఆ మేధావి ఉన్నాడని మన విద్యార్థులకు చెప్పునప్పుడు, ఈ రెండవ సంగతి కూడ చెప్పవలెను.