ఈగ వాలితేనే గింజ: డార్విన్ తోట చెప్పిన పాఠం

పూత బాగా వచ్చి కాయ నిలవకపోతే ముందు ఎరువు, తర్వాత తెగులు గుర్తొస్తాయి. పూల మీద తేనెటీగలు వాలుతున్నాయా అని చూసేవారు తక్కువ. దాన్ని గింజలు లెక్కపెట్టి మరీ చూపినవారు చార్లెస్ డార్విన్.

ఆయన 1809లో ఇంగ్లండులోని ష్రూస్‌బరీలో పుట్టారు. 1831 నుంచి 1836 వరకు బీగిల్ ఓడలో ప్రపంచం చుట్టి వచ్చారు. 1839లో మేనమామ కూతురు ఎమ్మాను పెళ్లి చేసుకున్నారు. 1842లో కెంట్ ప్రాంతంలోని డౌన్ అనే పల్లెలో స్థిరపడి, 1882లో చనిపోయే వరకు అక్కడే ఉన్నారు. ఇంటి తోటే ఆయన ప్రయోగశాల.

తెల్ల క్లోవర్ అక్కడి పచ్చిక మొక్క. 20 పూగుత్తులను తేనెటీగలకు వదిలితే 2,290 గింజలు వచ్చాయి. తేనెటీగలు రాకుండా కాపాడిన మరో 20 గుత్తుల్లో ఒక్క గింజా రాలేదు. ఈ లెక్కను ఆయన ప్రచురించారు.

టోడ్‌ఫ్లాక్స్ అక్కడ గట్ల మీద ఏటా పూసే బహువార్షిక అడవి మొక్క. దాని పసుపు పువ్వు మూతి మూసుకుని ఉంటుంది. బలమైన తేనెటీగ దాన్ని తెరుచుకుని లోపలికి దూరాలి. డార్విన్ ఈ మొక్క గింజలను రెండు మడుల్లో పెంచారు. సొంత పుప్పొడితో వచ్చిన గింజలు ఒక మడిలో, వేరే మొక్క పుప్పొడితో వచ్చినవి పక్క మడిలో వేశారు. రెండో మడి మొక్కలే ఏపుగా, బలంగా పెరిగాయి. ఆ ఆశ్చర్యంతో 11 ఏళ్లు ఎన్నో మొక్కలపై ప్రయోగాలు చేసి, 1876లో పుస్తకం వేశారు.

ఆ ఫలితం ఆయన ఇంటినీ తాకింది. పది మంది సంతానంలో ముగ్గురు చిన్నప్పుడే పోయారు. పెద్ద కూతురు ఆనీ పదేళ్ల వయసులో 1851లో చనిపోయింది. మేనరికమే కారణమేమోనన్న దిగులు ఆయన్ను వదల్లేదు. దగ్గరి బంధువుల పెళ్లిళ్లపై 1871 జనాభా లెక్కల్లో ఒక ప్రశ్న చేర్చాలని ప్రయత్నించారు. పార్లమెంటు ఒప్పుకోలేదు.

రైతు సోదరులు పాటించవలసినవి:

• టోడ్‌ఫ్లాక్స్ చలి ప్రాంతాల మొక్క, మనకు అక్కర్లేదు. గట్టు మీద, పెరట్లో మన తంగేడును ఉంచండి.
• పైరు పూత మీద ఉన్నప్పుడు తేనెటీగలు తిరిగే వేళ పురుగుమందు కొట్టకండి.
• గుమ్మడి పాదులో మర్నాడు విచ్చుకోబోయే రెండు ఆడపూలకు సాయంత్రమే పల్చటి గుడ్డ సంచి కట్టండి. మరో రెండింటిని వదిలేయండి. పూలు వాడాక సంచి విప్పి, ఏ పిందెలు నిలిచాయో మీరే చూడండి.