మన జిల్లా చిత్రకారుడు శ్రీ కాపు రాజయ్య గారు

ప్రత్యేక సంచికకు మన ఉమ్మడి మెదక్ జిల్లా పెద్దల్లో ఒకరి గురించి రాయమని కార్యదర్శి గారు అడిగారు. ఏ మంత్రి గారి గురించో రాస్తాననుకున్నారు కాబోలు. నాకు మాత్రం సిద్దిపేట డ్రాయింగ్ సారు గుర్తుకొచ్చారు. ఆయనా మనలాగే సర్కారు నౌకరీ చేసినవారు.

కాపు రాజయ్య గారు 1925లో సిద్దిపేటలో ఒక పేద కుటుంబంలో పుట్టారు. అప్పుడు మనది నిజాం రాజ్యం. పలక మీద లెక్కకు బదులు ఎద్దు బొమ్మ వేస్తే పంతులు చేతిలో దెబ్బలు తప్పని కాలం అది. బొమ్మలు కూడు పెడతాయని ఎవరూ అనుకోలేదు. అలాంటిది ఆయన హైదరాబాదు వెళ్ళి సర్కారు చిత్రకళా పాఠశాలలో చదివి, తిరిగి సొంత ఊరికే డ్రాయింగ్ టీచరుగా వచ్చారు.

పట్నంలో నేర్చిన విద్య చేతిలో ఉన్నా, ఆయనకు పేరు తెచ్చింది మాత్రం ఇక్కడి నకాషీ పని. చేర్యాల ప్రాంతంలో నకాషీలు ఖద్దరు గుడ్డకు చింతగింజల జిగురు, సుద్ద పూసి, ఆరిన తర్వాత దాని మీద కులపురాణాలు రాసేవారు. కథ చెప్పేవారు ఆ పటాన్ని ఊరూరా విప్పి పాడేవారు. నేను చిన్నప్పుడు హవేలిఘనపూర్‌లో అలాంటి కథ వింటూ సగంలోనే నిద్రపోయిన ఘనుణ్ణి! రాజయ్య గారు ఆ గీతను, ఆ నిండు రంగులను తీసుకొని, పురాణ పురుషులతో పాటు మన పల్లె మనుషులను కూడా బొమ్మకెక్కించారు. పొలానికి పోయే ఆడవాళ్ళు, వడ్డెర స్త్రీలు, ఎల్లమ్మ జోగి, బోనాలు, బతుకమ్మ అన్నీ ఆయన కుంచెకు పనికొచ్చాయి.

ఇక నా సంగతి. రెవెన్యూ శాఖలో గుమాస్తాగా ఏళ్ళ తరబడి పహాణీలకు నకళ్ళు రాశాను. సర్వే నంబరు, పట్టాదారు పేరు, ఎకరాలు, గుంటలు, పంట: వరి. అంతే. ఒకసారి ఆఫీసు పని మీద రామాయంపేట మీదుగా సిద్దిపేట వెళ్ళి, బస్సుకు ఇంకా వేళ ఉందని ఒక చిత్రప్రదర్శనలోకి అడుగు పెట్టాను. అక్కడ రాజయ్య గారి బొమ్మలో చీర ఎగగట్టి, తలమీద గంపతో నడుస్తున్న స్త్రీని చూసి నిలబడిపోయాను. అచ్చం మా అమ్మ నడకే. నాట్ల కాలంలో ఆమె పొద్దుగూకి ఇంటికి వచ్చేటప్పుడు కాళ్ళకు బురద ఎక్కడి దాకా ఉండేదో నాకు అప్పుడు గుర్తొచ్చింది. వేల ఎకరాల వరి నా చేతి రాతలో ఉంది గాని, నాటిన మనిషి ఒక్కరూ లేరు. ఆ రోజు బస్సు తప్పిపోయింది. ఇంటికి ఆలస్యంగా చేరినందుకు మా ఆవిడ చేత మాట కూడా పడ్డాను.

ఆయన సమకాలికులు కొండపల్లి శేషగిరిరావు గారు శాంతినికేతన్‌లో చదివి, హైదరాబాదు కళాశాలలో బోధించి ఎందరికో గురువయ్యారు. రాజయ్య గారు సిద్దిపేట వదలలేదు. 1963లో అక్కడే లలిత కళా సమితిని స్థాపించారు. జిల్లా ఊళ్ళో కూర్చున్నందువల్ల రావలసినంత పేరు రాలేదని కొందరంటారు. నాకు అది సగమే నిజమనిపిస్తుంది. పట్నంలో స్థిరపడి ఉంటే ఆ గంపలు, ఆ ఎడ్లు అంత దగ్గరగా ఆయనకు కనిపించేవా?

2012లో, జులైలో శేషగిరిరావు గారు, ఆగస్టులో రాజయ్య గారు కన్నుమూశారు. 2016లో సిద్దిపేట వేరే జిల్లా అయింది. జిల్లా విడిపోయినా ఆయన్ను మనవాడే అంటాను.

ఆ ప్రదర్శన తర్వాత కూడా ఎన్నోసార్లు సిద్దిపేట వెళ్ళాను. ఆయన ఇల్లు అడిగి వెళ్ళి ఒక్కసారి నమస్కారం పెట్టలేకపోయాను. ఎప్పుడూ ఏదో ఫైలు చంకలో ఉండేది. మన సభ్యులలో గాని, వారి పిల్లలలో గాని ఆయన దగ్గర డ్రాయింగ్ నేర్చుకున్నవారు ఉంటే, తరగతిలో సారు ఎలా ఉండేవారో నాలుగు ముక్కలు రాసి సంఘం ఆఫీసుకు పంపవలసిందిగా కోరుతున్నాను.