కొలతలావిడ

మంచి మనసుతో చేసిన పని కూడా మనుషుల కాళ్ల కింద నేలను లాగేస్తుందా? ఆలిస్ ఫ్లెచర్ జీవితం చదువుతున్నంతసేపూ నన్ను వేధించిన ప్రశ్న ఇదే.

1838లో పుట్టిన ఈ అమెరికన్ మహిళ నలభై దాటాక మానవశాస్త్రం వైపు వచ్చారు. 1881లో నెబ్రాస్కాలోని ఒమాహా తెగ దగ్గరికి వెళ్లారు. వాళ్ల గుడారాల్లో ఉంటూ పాటలు, ఆచారాలు, చుట్టరికాలు ఓపిగ్గా రాసుకున్నారు. ఆ తెగ యువకుడు ఫ్రాన్సిస్ లా ఫ్లెష్‌ను కొడుకులా చేరదీశారు.

మనిషి ఆటవిక దశ నుంచి అనాగరికం, అక్కణ్ణుంచి నాగరికత అనే మెట్లెక్కుతాడని లూయిస్ మోర్గాన్ 1877లో పుస్తకం రాశాడు. సొంత ఆస్తి పైమెట్టుకు గుర్తట! ఆలిస్ కూడా అదే నమ్మారు. పక్కనున్న పోంకా తెగను అదే 1877లో సర్కారు వెళ్లగొట్టడంతో ఒమాహాల్లో కొందరు పట్టాలు కావాలన్నారు. కాదన్నవాళ్లూ ఉన్నారు. ఆలిస్ వాషింగ్టన్‌లో పట్టుబట్టి 1882లో చట్టం తెప్పించారు, తానే భూమి కొలిచి పంచారు.

1887లో డాస్ చట్టం దేశంలో చాలా తెగలకు అదే పద్ధతి తెచ్చింది. కుటుంబ పెద్దకు 160 ఎకరాలు, మిగిలింది తెల్లవాళ్లకు. మరి పెళ్లయిన ఆడవాళ్లకో? సెంటు కూడా లేదు! 1891లో గానీ సవరణ రాలేదు. తెగ ఆచారంలో ఆడదాని సొత్తు ఆడదానిదే, మన చట్టం వస్తే అది పోతుందని 1888లో అంతర్జాతీయ మహిళా సభలో చెప్పింది ఆలిసే. అయినా మరుసటి ఏడు ఐడహోలో నెజ్ పెర్స్ తెగ భూమి కొలవడానికి వెళ్లారు. వాళ్లావిడను కొలతల మనిషి అన్నారు. 1895లో అక్కడ 5 లక్షల ఎకరాలకు పైగా బయటివాళ్ల పాలైంది.

ఫ్రాన్సిస్‌తో కలిసి ఆమె ఒమాహాల గురించి రాసిన పెద్ద గ్రంథం 1911లో వచ్చింది. 1923లో కన్నుమూశారు. 1887లో 13.8 కోట్ల ఎకరాలున్న తెగల భూమి, 1934లో ఈ పంపకం ఆపేనాటికి సుమారు 4.8 కోట్లకు కుంచించుకుపోయింది.

ఆవిణ్ణి చెడ్డమనిషని నేననలేను. మెట్ల సిద్ధాంతం తలకెక్కాక, కింది మెట్టు మీద ఉన్నారనుకున్న వాళ్ల మాటకు విలువేముంటుంది? పాటలన్నీ విన్న మనిషి, వద్దన్నవాళ్ల మాట మాత్రం వినలేదు. ఎవరికైనా మేలు చేయబోయే ముందు మనం గుర్తుంచుకోవాల్సింది అదేనేమో!