పేరు పోగొట్టుకున్న మిర్రా

మెక్సికో దేశంలో పండుగలకు, జానపద నృత్యాలకు స్త్రీలు వేసుకునే ఒక ప్రసిద్ధ వేషం ఉంది. కుట్టుపని చేసిన తెల్లని రవిక, తళుకులు పొదిగిన పరికిణీ, భుజాల మీద శాలువా. దాని పేరు చీనా పొబ్లానా, అంటే పుయెబ్లా నగరపు చైనా వనిత. ఆ పేరు వినగానే అక్కడివారు తలచుకునే స్త్రీ మాత్రం చైనాను కన్నదీ కాదు, అక్కడ పుట్టిందీ కాదు. ఆమె మన దేశపు ఆడపడుచు. ఈ వారం ఆమె జీవితాన్ని పాఠకుల ముందుంచుతున్నాము.

పదిహేడవ శతాబ్దం తొలినాళ్ళలో మొగల్ పాలనలోని ఉత్తర భారతంలో ఆమె పుట్టింది. కన్నవారు పెట్టిన పేరు మిర్రా. ఆమె కుటుంబానికి మొగల్ పాదుషాలతో బంధుత్వం ఉండేదని ఆమె చరిత్ర రాసిన క్రైస్తవ గురువులు చెప్పారు. ఆ పసిపిల్లను పోర్చుగీసు బానిస వ్యాపారులు ఎత్తుకుపోయారు. కొచ్చిన్‌లో ఆమెకు బాప్తిస్మమిచ్చి కాతరీనా దె సాన్ హువాన్ అని పేరు మార్చారు. అక్కడినుంచి మనీలాకు చేర్చి అమ్మేశారు.

ఆ కాలంలో స్పెయిన్ ఓడలు మనీలా నుంచి పసిఫిక్ మహాసముద్రం దాటి మెక్సికోలోని అకపుల్కో రేవుకు వెళ్ళేవి. 1565 నుంచి 1815 వరకు 250 ఏళ్ళు సాగిన ఆ వ్యాపారంలో పట్టు, పింగాణీ, సుగంధద్రవ్యాలతోపాటు మనుషులు కూడా సరుకయ్యారు. నెలల తరబడి సముద్రంలో గడిపి, 1620 ప్రాంతంలో మిర్రా ఆ రేవులో దిగింది. పుయెబ్లాలో మిగెల్ దె సోసా అనే కాప్టెన్ ఇంటికి బానిసగా చేరింది.

ఆ ఓడల్లో భారతీయులుండేవారు, ఫిలిప్పీన్స్ వారుండేవారు, మలయా దీవుల వారుండేవారు. ఒడ్డున దిగాక అందరికీ ఒకటే పేరు, చీనో. ఊరేదని, భాషేదని, కొలిచే దైవం ఎవరని అడిగే అవసరం కొన్నవారికి కనిపించలేదు. అలా మిర్రా కూడా చీనా అయింది.

యజమాని మరణించాక ఆమెకు విముక్తి లభించింది. దొమింగో అనే మరో చీనో బానిసతో పెళ్ళి జరిగింది. చీనోలను బానిసలుగా ఉంచరాదని స్పెయిన్ ప్రభుత్వం 1672లో శాసించేనాటికి ఆమె వృద్ధురాలు. అరవై ఏళ్ళకు పైగా అక్కడ బతికినా స్పానిష్ భాష ఆమె నోట ముక్కలు ముక్కలుగానే పలికేది. చదువు రాలేదు. ముతక బట్టలు కట్టి, చిన్న గదిలో ప్రార్థనలతో, ఉపవాసాలతో కాలం గడిపింది. ఆమె భక్తి నగరమంతా తెలిసింది. 1688 జనవరి 5న ఆమె కన్నుమూస్తే కడసారి చూపుకోసం జనం విరగబడ్డారు.

ఆ తర్వాత అలొంసో రామోస్ అనే గురువు ఆమె జీవితాన్ని మూడు పెద్ద సంపుటాలుగా రాశాడు. మొదటిది 1689లో వెలువడింది. అందులోని మహిమలను ఒప్పుకోని మతవిచారణ న్యాయస్థానం 1691లో ఆమె చిత్రపటాలను, 1696లో ఆ గ్రంథాన్నీ నిషేధించింది. రెండు శతాబ్దాలు గడిచాక తళుకుల పరికిణీని ఆమెకు అంటగట్టారు. ఆ దుస్తులు పంతొమ్మిదవ శతాబ్దపు మెక్సికో నగరాల్లోని సామాన్య స్త్రీలవి. ఆమె వాటిని ధరించిందనడానికి ఆధారం లేదు.

ఆలోచించండి. ఆమె పేరు ఇతరులు మార్చారు, మతం ఇతరులు నిర్ణయించారు, కథ ఇతరులు రాశారు, చివరికి బట్టలు కూడా ఇతరులే తొడిగారు. పూజించినవారు సైతం ఆమెను ఆమెగా చూడలేదు. మనిషికి అన్నం, నీడ ఇస్తే చాలదు, అతని పేరు అతనికి మిగల్చాలి. మన ఇళ్ళలో అంట్లు తోమే అమ్మాయికి కూడా కన్నతల్లి మురిపెంగా పెట్టుకున్న పేరు ఒకటుంటుంది. ఆ పేరు మన పిల్లలకు తెలుసా? తెలియకపోతే ఈ పూటే అడిగి తెలుసుకోమని చెప్పండి.