పాస్నెట్ దొరగారు కట్టిన దేవాలయము

రెవరెండ్ చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు 1895లో సికిందరాబాదు చేరి, తొలుత తిరుమలగిరిలో ఆంగ్ల సైనికుల నడుమ పరిచర్య చేసిరి. మఱుసటి యేడు మెదకునకు వచ్చిరి. అప్పటికి ఈ ప్రాంతమున క్రైస్తవులు ఇన్నూరుమందికి మించి లేరు.

1914లో దేవాలయపు పని ఆరంభమయ్యెను. అవి కరవు రోజులు. దొరగారు ఆకలిగొన్నవారికి ఊరక బిచ్చమిడక, పని యిచ్చి కూడు పెట్టిరి. అట్టి కాలమున నాలుగు గోడలు, పైకప్పు చాలవా యని అడుగువారు కలరు. ప్రశ్న న్యాయమైనదే. కాని ఆయన ఆరు రంగుల పలకలను ఇంగ్లండునుండి తెప్పించి, ఇటలీ పనివారిచేత నేలపై పఱపించిరి. గోపురమును 175 అడుగులు లేపిరి. బీదవానికి అన్నముతోపాటు అందమును కావలెనని ఆయన యెంచినట్లు నాకు తోచుచున్నది. చిత్రలేఖనపు గంటను దండుగ యనుకొను తల్లిదండ్రులు ఈ సంగతి ఆలోచింతురు గాక.

1924 డిశెంబరు 25వ తేదీన ప్రతిష్ఠ జరిగెను. ఫ్రాంక్ సాలిస్‌బరీ అను ఆంగ్ల చిత్రకారుడు రచించిన రంగుటద్దముల కిటికీలు పిమ్మట వచ్చినవి: ఆరోహణము 1927లో, జననము 1947లో, సిలువ 1958లో. అక్షరము తెలియని పల్లెవారికి ఆ యద్దములే పుస్తకములైనవి.

బాలబాలికలారా, ఆ రంగులు వెలుపల నిలిచినవానికి కానరావు. ప్రొద్దు గ్రుంకినచో లోపలివానికిని కానరావు. చూడగోరువారు పగటివేళ లోనికి పోయి, కొంతసేపు కూర్చుండవలెను.