జిమ్ కార్బెట్టు: గుండు వెనుకనున్న ధర్మము

పులులను కొట్టిన వేటగాండ్రు మన దేశమున పెక్కుమంది కలరు. వారిలో పలువురి కీర్తి వారి గోడలపై వ్రేలాడిన పులితోళ్లతోనే మాసిపోయినది. హిమాలయ పాదమునగల కుమావూను పల్లెలలో జిమ్ కార్బెట్టు పేరు మాత్రము నేటికిని గౌరవముతో తలచుకొనబడుచున్నది. ఆయన కొట్టిన పులుల సంఖ్య ఇందుకు కారణము కాదు. ఏ గుండుతో కాల్చవలెను, ఎప్పుడు కాల్చవలెను, ఎప్పుడు కాల్చక నిలువవలెను అను మూడు ప్రశ్నలను ఆయన జీవితాంతము విడువలేదు.

ఎడ్వర్డ్ జేమ్స్ కార్బెట్టు 1875 జూలై 25వ తేదీన నైనితాలులో జన్మించెను. తండ్రి ఆ ఊరి పోస్టుమాస్టరు. కుటుంబము పెద్దది, తండ్రి జిమ్ము బాల్యముననే గతించెను. చలికాలమున వారందరు కొండ దిగి కాలాఢుంగి గ్రామమున నివసించెడివారు. అచట అడవి ఇంటి ముంగిటనే యుండెను. బాలుడు అక్షరములతోపాటు అడుగుజాడలను చదువ నేర్చెను. ఏ పక్షి ఎందుకు కూసినదో, ఏ జింక దేనిని చూచి బెదరినదో చెవితోనే గ్రహింపసాగెను.

ఆయనకు లభించిన మొదటి తుపాకి నోటినుండి మందు కూరెడి పాత జోడు గొట్టముల తుపాకి. అందొక గొట్టము పగిలినది. కఱ్ఱ తీగతో కట్టబడినది. మందును, సీసమును పొదుపుగా వాడవలసివచ్చుటచే ఒక్కొక్క దెబ్బకును విలువ కట్టుట అలవాటయ్యెను. పిమ్మట బడిలోని సైనిక శిక్షణదళము మూలమున .450 మార్టినీ రైఫిలు చేతికి వచ్చెను. అది ఒకసారికి ఒక్క తూటాను మాత్రమే పట్టును. కాల్చినప్పుడు భుజమును గట్టిగా తన్నును. ఆ రైఫిలుతోనే బాలుడు తన మొదటి చిరుతను కొట్టెను. మొదటి దెబ్బకు అది గాయపడి పొదలలోనికి పోగా, ఇంటికి తిరిగిపోక, నెత్తుటి జాడ వెంట నడచి దానిని ముగించెను. గాయపరచిన మృగమును విడిచిపెట్టరాదను నియమము ఆనాడే ఆయనలో నాటుకొనెను.

ఈ నియమము ఎంత ముఖ్యమో తెలియుటకు తూటా సంగతి కొంత తెలియవలెను. తూటాలో మందును, దాని కొనను గుండును ఉండును. గుండు లోపల సీసము, పైన గట్టి లోహపు తొడుగు. తొడుగు గుండు కొనను పూర్తిగా కప్పినచో అది గట్టి గుండు. శరీరములోనికి తిన్నగా, లోతుగా దూసుకొనిపోవును. ఏనుగు, అడవిదున్న వంటి మందపు చర్మము, దృఢమైన ఎముకలు గల జంతువులకు అది తగినది. కొనయందు సీసము బయటికి కనబడునట్లు విడిచినచో అది మెత్తని గుండు. తగిలిన వెంటనే పుట్టగొడుగువలె విచ్చుకొని పెద్ద గాయము చేయును. పులి, చిరుత మొదలగు పలుచని చర్మముగల వానికి అది తగినది. ఈ తగుట తారుమారైనచో కీడు కలుగును. గట్టి గుండు పులి మెత్తని భాగములగుండ దూరి ఆవలికి పోవచ్చును. మెత్తని గుండు దున్న భుజపుటెముకపై చిట్లి లోపలికి చేరకపోవచ్చును. రెండు విధములను మృగము చావక, గాయముతో అడవిలోనికి పోవును. ఆ గాయమునకు వెల చెల్లించువాడు వేటగాడు కాదు; మరునాడు కట్టెలకు పోయిన పేదవాడు.

యువకుడైన కార్బెట్టు రైల్వేలో చేరి, తరువాత బీహారులోని మొకామాఘాటున గంగ యొడ్డున సరకులు మార్పించు కాంట్రాక్టును ఇరువది సంవత్సరములకు పైగా నిర్వహించెను. ఆ కాలమున, 1907లో, చంపావతు నరభక్షక పులిని వేటాడుమని ప్రభుత్వోద్యోగి ఆయనను కోరెను. ఆ ఆడపులి నేపాలమున 200 మందిని, కుమావూనులో 236 మందిని చంపినదని లెక్క. కార్బెట్టు రెండు షరతులు పెట్టెను: ప్రకటించిన బహుమానములను రద్దుచేయవలెను, ఇతర వేటగాండ్రను వెనుకకు పిలువవలెను. కూలికి మృగమును చంపువాడనిపించుకొనుట ఆయనకు ఇష్టములేదు. పొరపాటున మరియొకరి గుండుకు గురియగుటయు ఇష్టములేదు.

చంపావతు గ్రామస్థులు డప్పులతో, కేకలతో అడవిని కదలించిరి. కార్బెట్టు వెంట మూడు తూటాలే యుండెను. మూడును అయిపోయినవి. పులి గాయపడి ఒక బండపై నిలిచెను. ఆయన పరుగున పోయి తహసీల్దారు తుపాకిని తెచ్చి మరల కాల్చెను. ఆ తుపాకి బాగుగా లేనందున నోటికి గురిచూచిన గుండు పాదమునకు తగిలెను. మునుపటి గాయములచే అప్పటికే ప్రాణము కడబట్టిన పులి ఆ దెబ్బతో కూలెను. పిదప దాని నోరు పరీక్షింపగా కుడివైపు కోరలు విరిగియుండెను: పైది సగము వరకు, క్రిందిది ఎముక వరకు. అది పూర్వము ఎవరో కాల్చిన తుపాకి దెబ్బ. కోరలు పోయిన పులి అడవిజంతువులను పట్టలేక మనుష్యులపై పడెను. గురి తప్పిన యొక్క దెబ్బ 436 ప్రాణములకు మూలమైనది.

ఈ సేవకు మెచ్చి ఆనాటి సంయుక్త రాష్ట్రముల లెఫ్టినెంటు గవర్నరు ఆయనకు .275 రిగ్బీ రైఫిలును బహూకరించెను. దాని గుండు సుమారు 7 మిల్లీమీటర్ల మందము, 9 నుండి 11 గ్రాముల బరువు గలది. రైఫిలు తేలికయై కొండలలో మోయుటకు, సూక్ష్మముగా గురిచూచుటకు అనువైనది. కార్బెట్టు వద్ద .450/400 జోడు గొట్టముల బరువు రైఫిలును ఉండెను. దాని గుండు సుమారు 26 గ్రాములు. దూరమును, నిశ్చయమైన గురియు ఉన్నచో చిన్నది. దట్టమైన పొదలలో మృగము మీదికి దూకగలచోట పెద్దది. పెద్ద గుండైనను మర్మస్థానమును తప్పినచో అది శబ్దమే. చిన్న గుండైనను మర్మమును తాకినచో చాలును.

1918 మొదలు 1926 వరకు రుద్రప్రయాగ చిరుత బదరీ, కేదార యాత్రికుల మార్గమున 125 మందిని చంపెను. 1921లో ఇద్దరు అధికారులు దానిని కాల్చగా వెనుక పాదమునకు మాత్రమే గాయమై తప్పించుకొనెను. ఆ పిమ్మట అయిదేండ్లు మారణము సాగెను. 1926 మేనెల ఆరంభమున గోలాబ్రాయి వద్ద మామిడిచెట్టుపై పదునొకండు రాత్రులు కాచి, మేకమెడ గంట మ్రోగినంతనే రైఫిలుకు బిగించిన టార్చి వెలిగించి, కార్బెట్టు ఒక్క గుండుతో దానిని ముగించెను.

ప్రతి నరభక్షకమును తుపాకిచే పుట్టినదని ఆయన అనలేదు. ముక్తేశ్వరు పులి ఏదుపంది ముండ్లచే కన్ను పోయి కుంటిదై మనుష్యులపై పడెను. అయినను 1938లో ఆయన చంపిన చివరి నరభక్షకమగు ఠాక్ ఆడపులి దేహమున రెండు పాత తుపాకి గాయములు కనబడెను; అందొకటి చీముపట్టియుండెను. మొదటినాడు చంపావతున చూచినదే ముప్పది యొక సంవత్సరముల తరువాతను చూడవలసివచ్చెను.

అప్పటికే ఆయన మనస్సు మారియుండెను. అటవీ అధికారి ఛాంపియను తీసిన పులుల ఛాయాచిత్రములు ఆయనను ఆకర్షించెను. వినోదపు వేటను మాని, చలనచిత్రపు కెమేరా పట్టి పులులకొరకు వేచియుండెను. 1936లో కుమావూను అడవులలో మన దేశపు మొదటి జాతీయోద్యానము ఏర్పడుటకు ఆయన తోడ్పడెను. 1944లో ఆయన గ్రంథము మాన్-ఈటర్స్ ఆఫ్ కుమావూన్ వెలువడి లోకమంతట చదువబడెను. 1947లో సోదరి మ్యాగీతో కెన్యాకు తరలిపోయి, 1955 ఏప్రిలు 19న న్యేరిలో కన్నుమూసెను. కాలాఢుంగి చెంత తాను పెంచిన ఛోటీ హల్ద్వానీ గ్రామపు భూములు దున్నుకొను రైతులకే చెందెను. ఆయన మరణానంతరము జాతీయోద్యానమునకు ఆయన పేరే పెట్టబడెను.

1973లో పులుల సంరక్షణ పథకము ఆ కార్బెట్టు వనముననే ప్రారంభమయ్యెను. 1983లో మన నల్లమల అడవులకును విస్తరించెను. నేడు పులివేట నిషిద్ధము. కావున ఏ గుండు మంచిదను ప్రశ్న పులి విషయమున ముగిసినది. కాని చేతనున్న సాధనము ఏదైనను, దాని దెబ్బ ఎచట తగులునో, తప్పినచో ఎవరు బాధపడుదురో ముందుగా ఎంచుకొనవలెనను ఆయన జీవితపాఠము ముగియలేదు.