చికో నదికి అండగా నిలిచిన పెద్ద – మక్లియింగ్ దులాగ్



మన పోరాట వీరులను ఏటా తలచుకుంటాం. ఈసారి సముద్రాల అవతల మనలాంటి కొండల్లోనే పుట్టి, తన నది కోసం ప్రాణమిచ్చిన ఒక ఆదివాసీ పెద్దను మీకు పరిచయం చేయాలనుకున్నాం. కరెంటు కోసం మన కొండలకు వచ్చేవారితో ఎలా మాట్లాడాలో ఆయన జీవితం మనకు చెబుతుంది.

ఫిలిప్పీన్స్ దేశంలో లుజాన్ దీవి ఉత్తర భాగాన కార్డిలెరా కొండలున్నాయి. అక్కడి కళింగ, బొంతోక్ తెగలవారు కొండవాలును మెట్లుమెట్లుగా చెక్కి వరి పండిస్తారు. ఆ పొలాలకు నీళ్లిచ్చేది చికో నది. ఆ నది ఒడ్డున, తింగ్లాయన్ ప్రాంతంలోని బుగ్నాయ్ ఊరు మక్లియింగ్ దులాగ్ గారిది. ఆయన బుత్‌బుత్ తెగకు పంగత్. పంగత్ అంటే మన గూడెం పెద్ద వంటివారు. తగవులు తీర్చేవారు, మాట నిలబెట్టేవారు. ఊరివారు ఆయనను గ్రామాధిపతిగా కూడా ఎన్నుకున్నారు. పెద్ద చదువులు చదివినవారు కారు. పొలం పని చేసుకుంటూ, రోడ్డు మరమ్మతు కూలీగా బతికారు.

1973లో ప్రపంచమంతటా చమురు ధరలు ఒక్కసారిగా పెరిగాయి. ఫిలిప్పీన్స్ ప్రభుత్వం చమురుకు బదులు నదుల మీద దృష్టి పెట్టింది. చికో నదిపై నాలుగు ఆనకట్టలు కట్టి 1,000 మెగావాట్లకు పైగా విద్యుత్తు తీయాలని జాతీయ విద్యుత్ సంస్థ పథకం వేసింది. అప్పు కోసం ప్రపంచ బ్యాంకు వైపు చూసింది. దేశంలో అప్పుడు మార్కోస్ సైనిక శాసనం నడుస్తోంది. ఊళ్లు, మెట్ల పొలాలు, పూర్వీకుల సమాధులు మునిగిపోయే ఈ పథకం గురించి అక్కడివారిని ఎవరూ ముందుగా అడగలేదు. సర్వే మనుషులు నేరుగా వచ్చి గుడారాలు వేశారు. 1974లో ఆడవాళ్లు ముందు నిలిచి ఆ గుడారాలను పీకేశారు.

కళింగ ఊళ్ల మధ్య పాత పగలు ఉండేవి. వాటిని ఆపడానికి ఊరికీ ఊరికీ మధ్య బొదొంగ్ అనే శాంతి ఒప్పందం చేసుకునే ఆచారం వారికుంది. 1975లో కళింగ, బొంతోక్ పెద్దలు మనీలా పక్కనున్న కెజోన్ నగరంలో సమావేశమై, ఆ ఆచారాన్నే అనేక ఊళ్ల ఉమ్మడి ఒప్పందంగా మార్చుకున్నారు. ఆనకట్ట పనికి ఎవరూ కూలికి వెళ్లకూడదని కట్టుబాటు పెట్టుకున్నారు. ఈ ఐక్యతను ఊరూరా నిలబెట్టినవారిలో మక్లియింగ్ గారు ముఖ్యులు.

ఆ తర్వాత గిరిజనుల వ్యవహారాలు చూసే పనమిన్ అనే ప్రభుత్వ సంస్థ రంగంలోకి దిగింది. కానుకలు పంచింది. కొందరు పెద్దలను మనీలాకు తీసుకెళ్లి ఖాళీ కాగితాలపై సంతకాలు పెట్టించుకుంది. ఆ కాగితాలే తర్వాత వారి అంగీకారంగా బయటకు వచ్చాయి. మక్లియింగ్ గారి చేతికి కూడా ఒక కవరు ఇవ్వబోతే, తెరవకుండానే తిరిగి ఇచ్చేశారని కళింగలు నేటికీ చెప్పుకుంటారు. మనిషి నేలకు యజమాని కాడని, తన తర్వాత కూడా ఉండే నేలను అమ్మే హక్కు అతనికి లేదని ఆయన నమ్మకం.

1980 ఏప్రిల్ 24 రాత్రి సైనికులు బుగ్నాయ్‌కి వచ్చి ఆయన ఇంటిపై కాల్పులు జరిపారు. ఆయన అక్కడే కన్నుమూశారు. అయితే ఆ చావుతో ఊళ్లు చెదరలేదు, మరింత దగ్గరయ్యాయి. ప్రపంచ బ్యాంకు వెనక్కి తగ్గింది. చికో ఆనకట్టల పథకం ఆగిపోయింది. 1997లో ఫిలిప్పీన్స్ చేసిన ఆదివాసీ హక్కుల చట్టం ప్రకారం, వారి పూర్వీకుల భూముల్లో ప్రాజెక్టు పెట్టాలంటే ఒత్తిడి లేకుండా, ముందుగానే, అన్నీ వివరించి అంగీకారం తీసుకోవాలి. ఇదే సూత్రం 2007 నాటి ఐక్యరాజ్య సమితి ఆదివాసీ హక్కుల ప్రకటనలోనూ ఉంది. ఏటా ఏప్రిల్ 24ను అక్కడివారు కార్డిలెరా దినంగా జరుపుకుంటారు.

కళింగలు కరెంటుకు శత్రువులు కారు. తర్వాతి కాలంలో అక్కడి కొన్ని ఊళ్లు సెలయేళ్లపై చిన్న జలవిద్యుత్ కేంద్రాలు పెట్టుకుని తామే నడుపుకున్నాయి.

మాచ్‌ఖండ్, సీలేరు విద్యుత్ కేంద్రాలు మన కొండల నీళ్లతోనే తిరుగుతున్నాయి. కొత్త ప్రాజెక్టులవారు రేపు మన గూడేలకూ రావచ్చు. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి తీసుకునే ముందు గ్రామసభను సంప్రదించాలని 1996 నాటి పెసా చట్టం చెబుతోంది. ఆ సభ సరిగా జరగాలంటే అక్కడ మీరుండాలి. ఎంత భూమి, ఎన్ని ఇళ్లు, ఏ నీరు, ఎన్ని ఉద్యోగాలు, కరెంటు ముందు ఎవరికి అని అడగాలి. వచ్చిన కాగితాన్ని మన భాషలో పెద్దలకు చదివి వినిపించాలి. ఖాళీ కాగితంపై ఎవరి వేలిముద్రా పడనివ్వకూడదు. ఊరంతా విని, ఆలోచించి ఔనన్నా కాదన్నా అది ఊరి మాట అవుతుంది. అలా గౌరవంతో మొదలైన సంబంధమే నిలుస్తుంది.

మా వసతి గృహాల్లో మిమ్మల్ని చదివించేది ఉద్యోగం కోసమే అనుకోకండి. అమ్మానాన్నల ముందు పెట్టిన కాగితాన్ని మీరు చదవగలగాలన్నది మా ఆశ.

మక్లియింగ్ దులాగ్ గారికి జోహార్లు.